సన్మానం వద్దన్న పెద్దాయన

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేవారు. పొలం గట్ల మీద నడిచి చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెలు తిరిగి ఆడవారికి అక్షరాలు నేర్పిన మనిషి. మందిరం కట్టి ఏభై ఏళ్లయిన సందర్భంలో ఆమెకు శాలువా కప్పాలని పెద్దలు తీర్మానించారు. సభలో ఆమె పేరు పిలిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు పిలిచారు. ఆమె రాలేదు. వెదకగా వెదకగా, ప్రేమవిందు వండుతున్న పందిరి వెనుక ఉల్లిపాయలు తరుగుతూ కనిపించారు. "నాకెందుకు నాయనా అవన్నీ, ఇక్కడ బోలెడు పనుంది" అన్నారు. సభలో కొందరు నవ్వారు. కొందరు ఎంత వినయం అని మెచ్చుకున్నారు. తరువాతి పాట మొదలైంది. శాలువా కార్యదర్శిగారి బీరువాలోనే ఉండిపోయింది.

ఇటీవల ఇంగ్లాండు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఉత్తరాలు చదువుతుండగా ఆ పెద్దమ్మ మళ్లీ నా కళ్లెదుట నిలిచారు. చదువరులారా, దేశం వేరు, కాలం వేరు, చదువు వేరు. అయినా ఆ ఇద్దరూ ఒకే పందిరి వెనుక కూర్చున్నట్టు నాకనిపించింది.

అది 1889వ సంవత్సరం మే నెల. లండనుకు దక్షిణాన గోడాల్మింగ్ అనే చిన్న పట్టణంలో వాలెస్ కాపురముంటున్నారు. వయసు 66. గడ్డం నెరిసింది. ఆరోగ్యం బాగా లేదు. అటువంటి రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరు నుండి ఒక ఉత్తరం వచ్చింది. రాబోయే జూన్ ఉత్సవంలో మీకు డి.సి.ఎల్. అనే గౌరవ డాక్టరేటు ఇవ్వదలిచాము, దయచేసి అంగీకరించండి అని దాని సారాంశం. ఆక్స్‌ఫర్డ్ అంటే ఆనాటికే ఏడు వందల ఏళ్ల పైచిలుకు వయసున్న విద్యాపీఠం. ఆ ఎర్ర గౌను తొడుక్కోవాలని ఎందరు పండితులు ఎదురుచూశారో చెప్పలేము.

వాలెస్ వద్దని రాసి పంపేశారు.

ఆయన అంతటి గౌరవానికి తగినవాడా అని మనలో ఎవరికైనా సందేహం రావచ్చు. అందుచేత ఆయన కథ కొంచెం చెప్పుకుందాం.

1823 జనవరి 8న వేల్స్ ప్రాంతంలో అస్క్ అనే ఊరి దగ్గర ఆయన పుట్టారు. తండ్రికి ఉన్న ఆస్తి కరిగిపోయింది. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. ఆ కారణంగా పద్నాలుగేళ్లకే బడి మానేయవలసి వచ్చింది. ఆ తరువాత కాలేజీ మెట్టు ఎక్కలేదు. అన్న విలియమ్‌తో కలిసి సర్వే గొలుసు పట్టుకుని ఊరూరా భూములు కొలిచారు. కొలిచే పొలాల గట్ల మీద పూచిన మొక్కలను చూసి వాటి పేర్లేమిటో తెలుసుకోవాలని ఒక చౌక పుస్తకం కొన్నారు. అదే ఆయన విశ్వవిద్యాలయం అనుకోవచ్చు. తరువాత లెస్టర్ పట్టణంలో కొంతకాలం బడిపంతులుగా ఉన్నప్పుడు హెన్రీ బేట్స్ అనే కుర్రవాడు స్నేహితుడయ్యాడు. అతనికి పెంకుపురుగుల పిచ్చి. మన పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుని ఆడుకునే జీరంగులున్నాయే, ఆ జాతి. ఒక్క ఊరి చుట్టూ అన్ని వందల రకాల పురుగులున్నాయని తెలిసి వాలెస్ ఆశ్చర్యపోయారు.

1848లో ఆ స్నేహితులిద్దరూ దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదికి ఓడ ఎక్కారు. వెనుక ధనవంతులెవరూ లేరు. పక్షులను, పురుగులను పట్టి, ఎండబెట్టి, లండనులో ఒక ఏజెంటు ద్వారా అమ్మించుకుని ఆ డబ్బుతోనే బ్రదకాలి. వాలెస్ నాలుగేళ్లు ఆ అడవుల్లో తిరిగారు. తోడుగా వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో పచ్చజ్వరంతో అక్కడే చనిపోయాడు. 1852లో ఇంటికి బయలుదేరిన ఓడ నడిసముద్రంలో, ఆగస్టు 6వ తేదీన, అంటుకుంది. కాలుతున్న ఓడ గదిలోకి దిగి చేతికందిన ఒక రేకు పెట్టెను మాత్రం ఆయన తీసుకోగలిగారు. అందులో చేపల బొమ్మలు, తాటిజాతి చెట్ల బొమ్మలు, కొన్ని కాగితాలు ఉన్నాయి. మిగిలినదంతా, అంటే తన కోసం దాచుకున్న సేకరణ అంతా, కళ్లముందే బూడిద అయింది. పది పగళ్లు, పది రాత్రులు చిన్న పడవల్లో ఎండకు మాడుతూ గడిపిన తరువాత ఒక ఓడ వారిని చూసి ఎక్కించుకుంది.

అటువంటి దెబ్బ తగిలిన మనిషి ఇక సముద్రం వైపు చూస్తాడా? ఆయన రెండేళ్లకే మళ్లీ బయలుదేరారు. 1854 నుండి 1862 వరకు ఎనిమిదేళ్లు, ఇప్పటి మలేసియా, ఇండొనేసియా దీవుల్లో, సుమారు 14,000 మైళ్లు తిరిగారు. అలీ అనే మలయా కుర్రవాడు వంటవాడుగా చేరి, పక్షులను వేటాడి ఒలవడం నేర్చుకుని, చివరికి కుడిభుజమయ్యాడు. ఆ ఎనిమిదేళ్లలో సేకరించిన ప్రాణుల లెక్క వాలెస్ స్వయంగా వేసి పెట్టారు. మొత్తం 1,25,660. అందులో పక్షులు 8,050, పెంకుపురుగులే 83,200. ఒక్కొక్కదానికి సూది గుచ్చి, చీటీ రాసి, చీమలు పట్టకుండా కాపాడిన చేతులవి.

బచాన్ అనే దీవిలో 1859లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అంతకుముందు ఎవరూ పేరు పెట్టని ఒక పెద్ద సీతాకోకచిలుక, రెక్కల మీద నిప్పు రంగు బంగారం పూసినట్టున్నది, ఆయన వలకు చిక్కింది. రెక్కలు విప్పి చూడగానే గుండె దడదడలాడింది, రక్తం తలకెక్కింది, స్పృహ తప్పిపోతుందేమో అనిపించింది, ఆ రోజంతా తలనొప్పి వదలలేదు అని ఆయనే రాసుకున్నారు. సీతాకోకచిలుకను చూసి పడిపోబోయిన ఈ మనిషి, ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు పేరు వింటే మాత్రం తప్పించుకునే దారి వెదికారు. ఆయన హృదయం ఎక్కడున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ దీవుల్లోనే, 1858 ఫిబ్రవరిలో, చలిజ్వరంతో పడుకుని ఉండగా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి జాతిలోను పుట్టేవి అనేకం, బ్రదికేవి కొన్నే. మరి ఏవి బ్రదుకుతాయి? తాముండే చోటికి కాస్త ఎక్కువగా సరిపోయినవి. ఆ సరిపోయిన గుణం పిల్లలకు వస్తుంది. అలా తరతరాలు గడిచేసరికి జాతి మారిపోతుంది. జ్వరం తగ్గగానే దాన్ని రాసి, టెర్నేట్ దీవి నుండి చార్లెస్ డార్విన్‌కు టపాలో పంపారు. డార్విన్ అదే ఆలోచనను ఇరవై ఏళ్లుగా తన దగ్గర పెట్టుకుని ఉన్నారు, అచ్చు వేయలేదు. ఆ ఉత్తరం చూసి ఆయన నిర్ఘాంతపోయారు. స్నేహితులు కలుగజేసుకుని, 1858 జూలై 1న లండనులోని లినియన్ సొసైటీలో ఇద్దరి రాతలు కలిపి చదివించారు. వాలెస్‌ను ముందుగా అడగలేదు. అడగాలంటే ఉత్తరం వెళ్లి రావడానికే నెలలు పట్టేది. తెలిసిన తరువాత ఆయన ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు. పైగా 1869లో తన ప్రయాణాల పుస్తకాన్ని డార్విన్‌కే అంకితం చేశారు. 1889లో ఆ సిద్ధాంతం మీద తాను రాసిన పెద్ద పుస్తకానికి "డార్వినిజం" అని పేరు పెట్టారు. తన పేరు పెట్టుకోవడానికి హక్కున్నవాడు పక్కవాని పేరు పెట్టడం లోకంలో అరుదు.

ఈ సిద్ధాంతం విషయంలో మన చదువరుల్లో రకరకాల అభిప్రాయాలున్న సంగతి నాకు తెలుసు. వాలెస్ కూడా మనుష్యుని మనస్సు, నీతిజ్ఞానం ఆ ఒక్క నియమం వల్లనే కలగలేదని 1869లోనే రాసి డార్విన్‌ను నొప్పించారు. అలాగని ఆయన సంఘానికి వెళ్లే మనిషీ కాదు. చనిపోయినవారి ఆత్మలతో మాటలాడించే కూటాలను నమ్మారు. అది మనం ఒప్పుకునే సంగతి కాదు, ఆయన సాటి శాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకోలేదు. ఈ వ్యాసంలో ఆ వాదానికి దిగను. ఆ మే నెల ఉత్తరం దగ్గరకు వెళదాం.

ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ పౌల్టన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఉండేవారు. వయసు 33, అంటే వాలెస్ వయసులో సరిగ్గా సగం. ఆయన పని పురుగుల రంగుల మీద. కొన్ని గొంగళిపురుగులు ఆకు రంగులో దాగి ఉంటాయి, కొన్ని మాత్రం ఎర్రగా, పసుపుగా అందరికీ కనబడేలా ఎందుకు తిరుగుతాయి? ఈ ప్రశ్న 1867లో డార్విన్‌కు తట్టి, జవాబు తోచక వాలెస్‌ను అడిగారు. అవి తినడానికి చేదుగా ఉంటాయేమో, నన్ను ముట్టుకోవద్దని పక్షికి ముందే చెప్పే గుర్తు ఆ రంగు అయి ఉంటుంది అని వాలెస్ చెప్పారు. పరీక్షించి చూస్తే నిజమే. ఆ దారిలోనే పౌల్టన్ ముందుకు నడుస్తున్నారు. కాబట్టి ఆయనకు వాలెస్ అంటే గురువుతో సమానం. డిగ్రీ పుచ్చుకోవడానికి వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగండి అని కూడా పిలిచారు.

ఆయనకు వాలెస్ రాసిన జవాబు చూస్తే జాలి, నవ్వు రెండూ వస్తాయి. మీరు ఆశ్చర్యపోతారు, బహుశా విసుక్కుంటారు, కాని నేను వద్దన్నాను అంటూ మొదలుపెట్టి కారణాల మీద కారణాలు చెప్పారు. బహిరంగ వేడుకలంటే తనకెప్పుడూ గిట్టదు, ఇప్పుడు మరీనూ. ఏడాదిన్నర క్రితం చేసిన జబ్బు నుండి ఇంకా కోలుకోలేదు. గాలి మార్పు కోసం డోర్సెట్ ప్రాంతంలోని పార్క్‌స్టోనుకు ఇల్లు మారుతున్నారు, అది కూడా జూన్ నెలాఖరులోపే. ఇంకా మూడు వారాలు పరీక్ష పేపర్లు దిద్దాలి. తాను అధ్యక్షుడుగా ఉన్న భూమి సంఘం వార్షిక సభ ఉంది. భూమి కొద్దిమంది చేతుల్లో కాక ప్రజలందరి సొత్తుగా ఉండాలని పోరాడిన సంఘం అది. పుస్తకాలు కట్టాలి. అన్నిటికంటె ముఖ్యంగా, తోటలోని మొక్కలను తవ్వి తీసుకుపోవాలి. ఇన్ని పనుల నడుమ ఆక్స్‌ఫర్డ్‌కు పరుగెత్తడమంటే నాకు శిక్ష వేసినట్టే, నన్ను ఇలా మరుగున ప్రశాంతంగా ఉండనివ్వడమే స్నేహితులు నాకు చేసే గొప్ప ఉపకారం అని బ్రతిమాలుకున్నారు.

పరీక్ష పేపర్లు దిద్దడం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. లోకప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞునికి ఆ పని ఏమిటి? సంగతేమిటంటే ఆయనకు జీవితమంతా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. తూర్పు దీవుల నుండి తెచ్చినవి అమ్మి సంపాదించిన సొమ్ము తప్పుడు పెట్టుబడుల్లో పోయింది. భూమి బల్లపరుపుగా ఉందని వాదించే ఒకాయనతో 1870లో 500 పౌన్లు పందెం కాసి, కాలువ నీటి మీద కొలతలు పెట్టి గెలిచారు గాని, ఆ మనిషి పెట్టిన తిట్లు, కోర్టు గొడవలు ఏళ్ల తరబడి వెంటాడాయి. పందెం వేయడం బుద్ధితక్కువ పని అని ఆయనే తరువాత బాధపడ్డారు. పేపర్లు దిద్దడం వల్ల వచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు కావలసి వచ్చింది. చివరికి డార్విన్ పూనుకుని, పెద్దల సంతకాలు కూడగట్టి, ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్‌కు అర్జీ పెట్టి, 1881లో ఏడాదికి 200 పౌన్ల ప్రభుత్వ పింఛను ఇప్పించారు. ఆ శుభవార్త ఉత్తరం వాలెస్ 58వ పుట్టినరోజు ఉదయాన చేరింది. అప్పుడు కూడా ఆయన కృతజ్ఞతతో పాటు రాసిన మాట ఏమిటంటే, ఇతరుల పనితో పోలిస్తే నేను చేసింది చాలా కొంచెమే అని.

తిరిగి మన కథకు వద్దాం. ఆ జూన్ ఉత్సవం ఎలాంటిదో తెలిస్తే ఆయన భయం మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. షెల్డోనియన్ అనే పెద్ద హాలు. కింద గౌనులు తొడిగిన పండితులు, రంగురంగుల దుస్తుల్లో అతిథులు. పైన మేడల మీద విద్యార్థులు. డిగ్రీ పుచ్చుకునే పెద్దమనుష్యులను చూసి కేకలు వేయడం, పరిహాసాలు ఆడడం ఆ రోజుల్లో కుర్రవాళ్లకు అలవాటు. పొగడ్త అంతా లాటిన్ భాషలో సాగుతుంది. అడవిలో ఒంటరిగా రోజుల తరబడి మాట లేకుండా గడిపిన మనిషిని తీసుకువెళ్లి అక్కడ నిలబెడితే ఎలా ఉంటుంది?

అయితే ఆయన అసలు సభలే ఎరుగని మనిషి కాదు. 1886, 1887లో అమెరికా అంతటా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. 1882లో డబ్లిన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ పట్టా పుచ్చుకున్నారు. అప్పుడు ఒంట్లో శక్తి ఉంది, ఇప్పుడు లేదు అనేది ఆయన వాదన.

పౌల్టన్ ఏం చేశారో చూడండి. చాలామందిమి ఇటువంటి చోట రెండింటిలో ఒకటి చేస్తాం. సరే, వద్దంటున్నాడు కదా అని ఊరుకుంటాం, లేక పెద్దల చేత ఒత్తిడి చేయించి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కిస్తాం. పౌల్టన్ ఊరుకోలేదు, మళ్లీ ఉత్తరాలు రాశారు. కాని జూన్ నెల కోసం పట్టుబట్టలేదు. డిగ్రీని శరత్కాలంలో పుచ్చుకోవచ్చు గదా అని సూచించారు. అప్పటికి పేపర్లు దిద్దడం అయిపోతుంది. ఇల్లు మారడం అయిపోతుంది. కొత్త తోటలో మొక్కలు వేరు పట్టుకుంటాయి. జూన్ ఉత్సవపు గుంపూ ఉండదు. ఆ ముసలాయన చెప్పిన ప్రతి కారణాన్నీ సాకు అని తోసివేయకుండా, నిజమనే నమ్మి, ఒక్కొక్కటీ అడ్డు తొలగించినట్టయింది. ఇందులో గొప్ప తెలివి ఏమీ లేదు. ఎదుటివాని ఉత్తరాన్ని శ్రద్ధగా చదివిన గుణం ఉంది.

వారం తిరగకముందే వాలెస్ జవాబు వచ్చింది. ఈ రెండవ ఉత్తరంలో జబ్బు మాట లేదు, పుస్తకాల మూటల మాట లేదు. విశ్వవిద్యాలయం వారు మళ్లీ అడిగితే, మీరన్నట్టు శరత్కాలంలో ఇస్తామంటే, నేను కాదనడానికి వీలులేదు అని ముందే ఒప్పుకున్నారు. ఆ వెంటనే, అయినా మీరు వారిని ఒత్తిడి చేయవద్దు అన్నారు. ఎందుకంటే ప్రకృతి శాస్త్రంలో నేను కేవలం ఒక ఔత్సాహికుణ్ణి, చదువు లేనివాణ్ణి, పద్నాలుగో ఏటనే బడి మానేశాను, అది కూడా మంచి బడి కాదు, ఇటువంటివాడు ఒక గొప్ప విశ్వవిద్యాలయం నుండి గౌరవం పుచ్చుకోవడమేమిటి అని రాసి, ఇక ఆ మాట ఎత్తను అని ముగించారు.

నా మట్టుకు నాకు అసలు ఉత్తరం ఇదే. మొదటి దానిలో చెప్పినవేవీ అబద్ధాలు కావు. కాని అన్నిటికీ అడుగున ఉన్న సంగతి పైకి రావడానికి ఎదుటివాడు రెండోసారి, మెల్లగా, అడగవలసి వచ్చింది. జంతువులు భూమి మీద ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎందుకున్నాయో 1876లో రెండు పెద్ద సంపుటాలుగా రాసిన మనిషి ఆయన. బాలి, లంబక్ దీవుల నడుమ ఒక్క జలసంధి దాటితే పక్షుల తీరే మారిపోతుందని కనిపెట్టి, లోకపటం మీద తన పేరుతో ఒక గీత మిగిల్చినవాడు. ఆ మనిషి లోపల, 66 ఏళ్ల వయసులో కూడా, బడి మాన్పించిన పద్నాలుగేళ్ల పిల్లవాడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మా పెద్దమ్మ సంగతి కూడా అటువంటిదే. ఆమె మంచాన పడిన తరువాత ఒకనాడు చూడబోయాను. మాటల్లో ఆ శాలువా సంగతి వచ్చింది. "అక్కడ రిజిస్టరులో సంతకం పెట్టమంటారుగా నాయనా" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "నేను చదువు చెప్పేదాన్నని అందరూ అనుకుంటారు. నాకు అచ్చు చదవడం వచ్చుగాని రాయడం కుదురుగా రాదు. పేరు రాస్తే వంకరపోతుంది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలంతా ముందు వరసలో కూర్చున్నారు." అప్పటికి ఆ సభ జరిగి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఒక్కరం కూడా ఆమె ఇంటికి వెళ్లి, అమ్మా, ఎందుకు రాలేదు అని అడగలేదు. వినయం అని పేరు పెట్టి ఊరుకున్నాం. సంతకం లేకుండానే శాలువా ఆమె ఇంటికి తీసుకువెళ్లి ఉండవచ్చు. అది మాకు తట్టలేదు.

వినయం మంచిదే. కాని వద్దనే ప్రతి మాటా వినయం కాదు, కొన్ని పాత గాయాలు. దానికి తోడు, సన్మానం ఒక్క మనిషికే చెందినది కూడా కాదని నాకనిపిస్తుంది. బడి మానేసి సర్వే గొలుసు పట్టినవాడిని ఆక్స్‌ఫర్డ్ పిలిచి డాక్టరు అన్నదంటే, ఆ మాట ఎవరి చెవిన పడాలి? ఆ రోజుల్లో గనుల్లో, మిల్లుల్లో పనిచేస్తూ రాత్రిపూట దీపం దగ్గర పుస్తకం తెరిచే కుర్రవాళ్ల చెవిన పడాలి. వాలెస్ స్వయంగా అటువంటి పనివారి కోసం పెట్టిన విద్యాలయాల్లోనే చిన్నతనంలో ఉపన్యాసాలు విన్నవారు. ఆయన మరుగున ఉండిపోతే ఆయనకు హాయిగానే ఉండేది, కాని వాళ్లకు ఆ కబురు అందేది కాదు.

విశ్వవిద్యాలయం మళ్లీ అడిగింది. 1889వ సంవత్సరం దాటకముందే వాలెస్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లి డి.సి.ఎల్. పుచ్చుకున్నారు. ఏ ఆక్స్‌ఫర్డ్? 29 ఏళ్ల క్రితం, 1860 జూన్‌లో, ఈ సిద్ధాంతం మీదనే బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు, హక్స్‌లీకి గొప్ప వాదం జరిగిన ఊరు. ఆ వాదం జరిగినప్పుడు వాలెస్ ఎక్కడో తూర్పు దీవుల్లో పక్షుల వెంట తిరుగుతున్నారు. పౌల్టన్ స్నేహం ఆ తరువాత కూడా ఉత్తరాల మీద చివరిదాకా సాగింది.

ఇక ఆయన మారిపోయి సభలన్నిటికీ పరుగెత్తారని అనుకోకండి. రాయల్ సొసైటీ 1868లోనే ఆయనకు పతకం ఇచ్చింది. అయినా అందులో సభ్యుడుగా చేరడానికి ముందుకు రాలేదు. క్యూ ఉద్యానవనం డైరెక్టరు తిసిల్టన్ డయ్యర్ వంటి స్నేహితులు నచ్చజెప్పగా 1893లో, డెబ్బయ్యో ఏట, ఒప్పుకున్నారు. 1908లో మూడు పెద్ద గౌరవాలు ఒకేసారి మీదపడ్డాయి. లినియన్ సొసైటీ డార్విన్, వాలెస్ పేర్ల మీద కొత్తగా కొట్టించిన బంగారు పతకం, రాయల్ సొసైటీవారి కాప్లే పతకం, రాజుగారి ఆర్డర్ ఆఫ్ మెరిట్. ఇదేదో ఆపద వచ్చినట్టు ఒక స్నేహితురాలికి రాసి వేళాకోళం ఆడుకున్నారు. లినియన్ సొసైటీ సభకు మాత్రం 85 ఏళ్ల వయసులో స్వయంగా వెళ్లారు. వెళ్లి, డార్విన్ ఈ విషయం మీద ఇరవై ఏళ్లు పనిచేశారు, నేను ఒక్క వారం, పేరు కూడా ఆ లెక్కనే పంచాలి అన్న ధోరణిలో మాట్లాడి వచ్చారు. రాజుగారి దర్బారుకు మాత్రం రాలేనని మనవి చేసుకున్నారు. అప్పుడు రాజుగారి తరఫున ఒక అధికారి ఆ పతకం పట్టుకుని బ్రాడ్‌స్టోన్ గ్రామంలో ఆయన ఇంటికే వచ్చారు.

పౌల్టన్ గుంపును తగ్గించారు, రాజుగారు గుంపే లేకుండా చేశారు.

1913 నవంబరు 7న, తొంభయ్యో ఏట, వాలెస్ కన్నుమూశారు. లండనులో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే మహా దేవాలయంలో రాజులను, కవులను, పండితులను సమాధి చేసేవారు. డార్విన్ సమాధి అక్కడే ఉంది. వాలెస్‌ను కూడా అక్కడే ఉంచాలని కొందరు స్నేహితులు అడిగారు. భార్య ఆనీ ఆయన మనసు ఎరిగిన మనిషి. ఒప్పుకోలేదు. బ్రాడ్‌స్టోన్ ఊరి చిన్న సమాధుల తోటలోనే పాతిపెట్టించారు. అబ్బేలో ఆయన ముఖచిత్రం చెక్కిన పలక ఒకటి 1915లో పెట్టారు. అందుకు ఆయన అనుమతి అడిగే అవసరం అప్పటికి ఎవరికీ లేకపోయింది.

బ్రాడ్‌స్టోన్‌లోని సమాధి మీద పాలరాయి బొమ్మ ఏదీ లేదు. ఎన్నో యుగాల క్రితం రాయిగా మారిపోయిన ఒక చెట్టు మాను, ఏడడుగుల ఎత్తున, నిలబెట్టి ఉంది. 1914లో చనిపోయిన ఆనీని కూడా దాని కిందనే ఉంచారు.